హైదరాబాద్–విశాఖ: గంటా పది నిమిషాల విమానం, ఐదు గంటల ప్రయాణం

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం విమానంలో ఎంతసేపు అని ఎక్కడ వెతికినా గంటా పది, గంటా పావు, మహా అయితే గంటన్నర అని వస్తుంది. దూరం మాత్రం ఒకచోట 503 కిలోమీటర్లు, ఇంకోచోట 510, మరోచోట 620, రైలు లెక్కలో 700. వీటిలో తప్పుడు అంకె ఒక్కటీ లేదు. చిక్కంతా అక్కడే. ఏ అంకె దేన్ని కొలుస్తోందో ఎవరూ చెప్పరు, జనమేమో వాటిలో చిన్నదాన్ని పట్టుకుని ప్రయాణం ఖరారు చేసుకుంటారు. మధ్యాహ్నం పన్నెండింటి ముహూర్తానికి పదింటి విమానం చాలనుకున్నవాళ్లు తలంబ్రాలకు కాదు, మూడో బంతి భోజనాలకు చేరతారు.

ముందు దూరం సంగతి. రెండు నగరాల నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకి సరళరేఖ గీస్తే 503 కి.మీ. దగ్గర తేలుతుంది. విమానం నడిబొడ్డు నుంచి ఎగరదు కదా. శంషాబాద్ నగరానికి దక్షిణాన, కాస్త పడమరగా ఉంది. అక్కడి రన్‌వే నుంచి విశాఖ రన్‌వేకి కొలిస్తే 510 కి.మీ. పైచిలుకు, అంటే 276 నాటికల్ మైళ్ల చిల్లర. నేల మీద ఈ గీత వెంబడి దారి లేదు. రోడ్డయినా రైలయినా ముందు ఆగ్నేయంగా విజయవాడకి దిగి, అక్కడి నుంచి కోస్తా వెంట ఈశాన్యంగా ఎక్కాల్సిందే. రోడ్డున హైదరాబాద్–విజయవాడ 270 పైచిలుకు, విజయవాడ–విశాఖ 350. మొత్తం 620 పైనే. రైలుదారి కాజీపేట మీదుగా తిరుగుతుంది కాబట్టి సికింద్రాబాద్–విజయవాడే 350, ఆపైన ఇంకో 350. వెరసి 700. గగనమార్గం కంటే రైలు 190 కి.మీ. ఎక్కువ తిరుగుతోందన్నమాట. ఈ రెండు నగరాల మధ్య విమానానికి ఉన్న అసలు బలం వేగం కన్నా ఈ అడ్డదారే.

దూరాన్ని బట్టి ‘విమాన సమయం’ చూపించే లెక్కింపు పేజీలు చేసేది చాలా మోటు లెక్క. గంటకి 800 కి.మీ. వేగమని అనుకుని, ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట కలుపుతారు. 503ని 800తో భాగిస్తే 38 నిమిషాలు, దానికి 30 కలిపితే గంటా ఎనిమిది. జెట్ విమానానికి ఇది అటూఇటూగా సరిపోతుంది. ఏటీఆర్ వేసిన సర్వీసుకి మాత్రం పనికిరాదు, ఎందుకంటే ప్రొపెల్లర్ల ఏటీఆర్ 72 వేగం గంటకి 500 కి.మీ. చుట్టుపక్కలే. బుక్ చేసేటప్పుడు విమానం రకం చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసుకోవాలి.

వేగం 500కి పడిపోయినా ప్రయాణం రెట్టింపు కాదు. తేడా పావుగంట నుంచి ఇరవై అయిదు నిమిషాల లోపే. కారణం ఇంత పొట్టి దారిలో జెట్‌కి తన పూర్తి వేగంతో పరుగెత్తే సందు దొరక్కపోవడం. ఎయిర్‌బస్ ఏ320 ముప్పై వేల అడుగుల ఎత్తుకి చేరేసరికే 170 కి.మీ. దాకా దాటిపోతుంది. దిగడానికి పైలట్లు వాడే మోటు సూత్రం వెయ్యి అడుగులకి మూడు నాటికల్ మైళ్లు. ఆ లెక్కన ముప్పై వేల అడుగులు దిగాలంటే 90 నాటికల్ మైళ్లు, అంటే 167 కి.మీ. ముందే దిగడం మొదలుపెట్టాలి. వేగం తగ్గించుకోవడానికి ఇంకాస్త. ఇక నిలకడగా ఎగిరేది పది పన్నెండు నిమిషాలు. ఆ కాసేపట్లోనే బండి తోసుకుంటూ వచ్చి టీ పోయాలి, ఖాళీ కప్పులు ఏరుకోవాలి. అందుకే ఈ రూట్లో వేడి భోజనం ముందే కొనుక్కోవడం దండగ. మూత తీసేలోపు ట్రే మడవమంటారు.

ఏటీఆర్‌లో ఇంకో రెండు సంగతులు. తల మీద సామాను అర చిన్నది, చక్రాల క్యాబిన్ పెట్టె చాలాసార్లు పట్టదు. మెట్ల దగ్గరే తీసుకుని కిందికి పంపుతారు కాబట్టి మందులు, ల్యాప్‌టాప్, బంగారం విడి సంచీలో పెట్టుకోవాలి. ఎక్కే తలుపు వెనకుంటుంది. ప్రొపెల్లర్లు ముందు వరసల పక్కన తిరుగుతాయి కాబట్టి అక్కడ హోరు ఎక్కువ. వెనక వరసలు నయం.

టికెట్ మీద వేసే గంటా పది, గంటా పావు గాల్లో ఉండే సమయం కాదు. చక్రాలకి పెట్టిన అడ్డుదిమ్మలు తీసినప్పటి నుంచి అవతల మళ్లీ పెట్టేదాకా లెక్క. బ్లాక్ టైమ్ అంటారు. శంషాబాద్‌లో వెనక్కి నెట్టడం, రన్‌వే దాకా పాకడం, రద్దీ వేళ వరసలో నిలబడటం అన్నీ అందులోవే. గాల్లో ఉండేది యాభై అయిదు నిమిషాలు, గంట. సంస్థలు దీనికి పైన కొంత కొసరు కూడా వేసుకుంటాయి. విమానం ప్రకటించిన వేళకి 15 నిమిషాల లోపు ఉంటే సమయపాలన లెక్కల్లో ‘సకాలం’ కిందే పడుతుంది. కొసరు వేసుకుంటే ఆలస్యంగా బయల్దేరినా ‘పది నిమిషాలు ముందే చేరాం’ అని మైకులో చెప్పుకోవచ్చు. గాలి వల్ల వచ్చే తేడా ఈ దారిలో అయిదారు నిమిషాలే. చలికాలం పై గాలులు పడమటి నుంచి వీస్తాయి కాబట్టి విశాఖ వెళ్లేటప్పుడు కలిసొస్తాయి, తిరుగు ప్రయాణంలో అడ్డం పడతాయి. వర్షాకాలంలో దీనికి వ్యతిరేకం.

ఈ బ్లాక్ టైమ్ అనేది ఊరికే సాంకేతిక గోల కాదు. ప్రయాణికుడి జేబులోకి వచ్చే డబ్బు దీని మీదే ఆధారపడుతుంది. ఆ సంగతి కౌంటర్ దగ్గర ఎవరూ నోరు విప్పి చెప్పరు. పౌరవిమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేస్తే, టికెట్ డబ్బు వాపసు ఇవ్వడం లేదా వేరే విమానం చూపడంతో పాటు పరిహారం కూడా ఇవ్వాలి. బ్లాక్ టైమ్ గంట లోపైతే 5,000 రూపాయలు, గంట దాటి రెండు గంటల లోపైతే 7,500, ఆపైన 10,000. లేదా ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. హైదరాబాద్–విశాఖ గంట దాటుతుంది కాబట్టి 7,500 గడిలోకి వస్తుంది. తుపాను, గగనతల నియంత్రణ లాంటి సంస్థ చేతిలో లేని కారణాలకి పరిహారం ఉండదు. దాంతో ప్రతి రద్దుకీ ‘ఆపరేషనల్ రీజన్స్’ అని ఒక ముద్ర కొట్టి పంపేస్తారు. కారణం రాసి ఇమ్మని అడగాలి. కౌంటర్‌లో గొంతు పెంచడం కన్నా ఇది పనిచేస్తుంది. తేలకపోతే పౌరవిమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు.

పరిహారం ఎగ్గొట్టడానికి సంస్థలకి దొరికే ఇంకో సందు ప్రయాణికుడి ఫోన్ నంబరు. టికెట్ ఏజెంట్ దగ్గరో, ఏదో పోర్టల్‌లోనో కొన్నప్పుడు బుకింగ్‌లో ఏజెంట్ నంబరు ఉండిపోతుంది. రద్దు సందేశం అతనికి పోతుంది. అతను నిద్రపోతుంటాడు. ‘మేం సమాచారం ఇచ్చాం’ అని సంస్థ చేతులు దులుపుకుంటుంది. సంప్రదించే వివరాలు సరిగా ఇవ్వనివాళ్లకి పరిహారం లేదని నిబంధనలోనే ఉంది. టికెట్ చేతికి రాగానే పీఎన్ఆర్ పట్టుకుని విమాన సంస్థ సైట్లోకి వెళ్లి సొంత నంబరు, ఈమెయిలు పెట్టుకోవడం రెండు నిమిషాల పని.

ఆలస్యానికి వేరే లెక్క. బ్లాక్ టైమ్ రెండున్నర గంటల లోపున్న విమానం రెండు గంటలు దాటి ఆలస్యమైతే ఎదురుచూపుకి తగ్గట్టు తిండి, ఫలహారం ఇవ్వాలి. ఇస్తారు కూడా, అడిగినవాళ్లకి. ఆరు గంటలు దాటేట్టుంటే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో ప్రయాణికుడే ఎంచుకోవచ్చు. రాత్రి ఎనిమిదికీ తెల్లవారుజామున మూడింటికీ మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలు మించి ఆగితే హోటల్ గది ఇవ్వాలి. ఆలస్యాల జబ్బు ఎక్కువగా ముదిరేది రోజులో చివరి విమానానికే. పొద్దుట ఎక్కడో మొదలైన అరగంట, నాలుగు ఊళ్లు తిరిగి రాత్రికి గంటన్నర అవుతుంది. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే చివరి విమానం జోలికి పోకపోవడమే మేలు. రాత్రి పదకొండింటికి గేటు దగ్గర ఉక్కు కుర్చీలో కూర్చున్న ముసలాయన కోపం సంస్థ మీద ఉండదు, టికెట్ కొన్న కొడుకు మీద ఉంటుంది.

ఇక టికెట్ ధర. దూరాన్ని బట్టి ధర అనుకుంటారు గానీ మామూలు రోజుల్లో అలాంటిదేమీ లేదు. గిరాకీని బట్టే. దూరమూ సమయమూ ధరలోకి దిగింది ప్రభుత్వం కళ్లెం వేసినప్పుడే. 2020 మేలో కరోనా విరామం తర్వాత విమానాలు మొదలైనప్పుడు ప్రయాణ సమయాన్ని బట్టి అంచెలు పెట్టారు: 40–60 నిమిషాలకి 2,500 నుంచి 7,500 రూపాయలు, 60–90 నిమిషాలకి 3,000 నుంచి 9,000. అవి 2022 ఆగస్టు ఆఖరుతో పోయాయి. 2025 డిసెంబరులో సర్వీసులు పెద్దఎత్తున రద్దయి ధరలు ఆకాశాన్నంటినప్పుడు ఈసారి దూరాన్ని కొలబద్ద చేశారు: 500 కి.మీ. వరకు 7,500, 500–1,000 కి.మీ.కి 12,000, పన్నులు, విమానాశ్రయ రుసుములు కాకుండా. హైదరాబాద్–విశాఖ సరిగ్గా ఆ 500 గీత మీద కూర్చున్న జత. పది కిలోమీటర్ల తేడాకి పరిమితి 4,500 రూపాయలు ఎగబాకింది.

మూల ధర పైన ఎకానమీకి 5 శాతం జీఎస్టీ, 200 రూపాయల భద్రతా రుసుము, విమానాశ్రయ వినియోగ రుసుము పడతాయి. ఇవి ఎవరూ తప్పించుకోలేనివి. తప్పించుకోగలిగింది సీటు డబ్బు, అసలు దోపిడీ కూడా అక్కడే. వెబ్ చెక్-ఇన్ తెరవగానే సీట్ల పటం వస్తుంది, కనపడే ప్రతి సీటుకీ ఒక ధర. కట్టకపోతే విమానం ఎక్కనివ్వరేమో అన్నట్టు ఉంటుంది ఆ పేజీ. కింద మూలన, చూపు ఆనని రంగులో ‘దాటవేయి’ అనే మాట ఉంటుంది. దాన్ని నొక్కితే ఏదో ఒక సీటు ఉచితంగానే వస్తుంది, ఎక్కువగా మధ్య సీటు. గంట ప్రయాణానికి మధ్య సీటుతో ప్రాణం పోదు. పిల్లల్ని విడదీస్తారన్న భయమూ అక్కర్లేదు. 12 ఏళ్ల లోపు పిల్లల్ని అదే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో ఒకరి పక్కన కూర్చోబెట్టాలని డీజీసీఏ 2024 ఏప్రిల్‌లోనే చెప్పింది. వృద్ధ దంపతులకి మాత్రం ఆ రక్షణ లేదు. వాళ్లకైతే సీటు కొనడమే మంచిది, లేదంటే దారి పొడుగునా ఆవిడ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంటారు.

రద్దు చేసుకున్న చౌక టికెట్‌కి ‘ఏమీ రాదు’ అని చెబితే నమ్మొద్దు. పన్నులు, వినియోగ రుసుము, భద్రతా రుసుము వాపసు ఇవ్వాల్సిందే. రద్దు ఛార్జీ ఎంత వేసినా మూల ధర, ఇంధన ఛార్జీల మొత్తాన్ని దాటకూడదు. విమానం తప్పిపోయినవాళ్లకీ ఈ చిల్లర వస్తుంది. అడగనివాళ్లకి రాదు.

ఇంటి గడప నుంచి గడపకి లెక్క కడితే అసలు బొమ్మ కనపడుతుంది. కూకట్‌పల్లి వైపు నుంచి శంషాబాద్ 40 కి.మీ. పైమాటే. ఔటర్ రింగ్ రోడ్డెక్కితే దూరం పెరిగినా సమయం ఖాయంగా ఉంటుంది. సికింద్రాబాద్ నుంచీ దాదాపు అంతే, పైగా ఊరి మధ్య నుంచి రావాలి. మెహదీపట్నం వైపువాళ్లకి 11.6 కి.మీ. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఆరాంఘర్ దాకా తీసుకొచ్చి పడేస్తుంది. మెట్రో విమానాశ్రయం దాకా రాదు. ఆర్టీసీ పుష్పక్ బస్సు అన్నిటికన్నా నిబ్బరమైనది. క్యాబ్ డ్రైవరు ఫోన్ చేసి ‘ఎక్కడికి సార్, క్యాషా ఆన్‌లైనా’ అని ఆరా తీసి రద్దు చేసే బెడద అందులో లేదు. తెల్లవారుజాము విమానానికి క్యాబ్ నమ్ముకునేవాళ్లు రెండోసారి బుక్ చేసుకోవడానికి ఇరవై నిమిషాలు అదనంగా వేసుకోవాలి.

దేశీయ విమానానికి బ్యాగు ఇచ్చే కౌంటరు బయల్దేరే వేళకి 60 నిమిషాల ముందు, గేటు 25 నిమిషాల ముందు మూస్తారు. ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర వల్ల గుమ్మం దగ్గర వరస తప్పుతుంది గానీ సోదా దగ్గర వరస తప్పదు. బ్యాగు ఉంటే గంటన్నర ముందు, సంక్రాంతి రద్దీలో రెండు గంటల ముందు చేరాలి. సామాను చాలా సంస్థల్లో చెక్-ఇన్‌కి 15 కిలోలు, క్యాబిన్‌కి 7. ఆవకాయ, నెయ్యి, నూనె సీసాలు క్యాబిన్ సంచీలో పెడితే సోదాలో తీయించేస్తారు, చెక్-ఇన్‌లో వేయాలి. పవర్ బ్యాంక్ దీనికి తిరగేసి: క్యాబిన్‌లోనే ఉండాలి. ఎండుకొబ్బరి కుడకలు అంటుకునే సరుకు కింద లెక్క, చెక్-ఇన్‌లో కూడా వద్దంటారు. పెళ్లిళ్ల కాలంలో బెల్టు దగ్గర పెట్టె విప్పించి తీయించేది ఎక్కువగా వీటినే.

విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగా. ప్రధాన రన్‌వే మూడు కిలోమీటర్ల పొడవు. నౌకాదళం తన శిక్షణ వేళలు పోగా మిగిలిన సమయం పౌర విమానాలకి ఇస్తుంది కాబట్టి విమానాలు గుంపులుగా వస్తాయి. ఒక్కసారే రెండు మూడు దిగితే బెల్టు దగ్గరా, బయట క్యాబుల దగ్గరా తోపులాట. రక్షణ స్థావరం కాబట్టి దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు ఫొటోలు, వీడియోలు నిషేధం. సముద్రం మీంచి వచ్చి దిగితే కుడి కిటికీలో కైలాసగిరి వైపు తీరం, ఎడమ కిటికీలో డాల్ఫిన్స్ నోస్, ఓడరేవు కనపడతాయి. కిటికీ సీటుకి డబ్బు పెట్టాల్సి వస్తే దీనికోసం పెట్టొచ్చు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ టెర్మినల్‌నే చీల్చేసింది. ఆ నెలల్లో మరునాడు తప్పించుకోలేని పని ఉంటే ఒకరోజు ముందు బయల్దేరాలి.

విమానాశ్రయం నుంచి ఎన్ఏడీ కూడలి దగ్గరే. అక్కడి నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్, బీచ్ రోడ్డు వైపు ట్రాఫిక్‌ను బట్టి అరగంట నుంచి ముప్పావు గంట. మొత్తం కూడితే: ఇంటి నుంచి శంషాబాద్ గంటా పావు, అక్కడ ఎదురుచూపు గంటన్నర, బ్లాక్ టైమ్ గంటా పావు, దిగి బ్యాగు తీసుకోవడం 25 నిమిషాలు, విశాఖలో 40 నిమిషాలు. అయిదు గంటలు దాటింది.

ఇప్పుడు రైలు. సికింద్రాబాద్–విశాఖ మధ్య రెండు వందే భారత్‌లున్నాయి. మొదటిది 2023 జనవరి 15న మొదలైంది: మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాద్‌లో బయల్దేరి రాత్రి పదకొండున్నరకి విశాఖ. రెండోది 2024 మార్చి నుంచి: తెల్లవారుజామున 5.05కి బయల్దేరి మధ్యాహ్నం రెండింటి లోపు. రెండూ ఎనిమిదిన్నర, ఎనిమిది ముప్పావు గంటల బళ్లే. మొదలైన రోజుల్లో మొదటిదానికి సికింద్రాబాద్ నుంచి చైర్ కార్ 1,665, ఎగ్జిక్యూటివ్ 3,120 రూపాయలు. చైర్ కార్ డబ్బుకి తగ్గ బండి. కాకపోతే ఎనిమిదిన్నర గంటలు కూర్చోవడం నడుం నొప్పి ఉన్నవాళ్లకి శిక్ష. తెల్లవారుజాము బండికి మెట్రో ఇంకా మొదలవదు. మధ్యాహ్నం బండి దింపేసరికి అర్ధరాత్రి, స్టేషన్ బయట ఆటోవాళ్ల నోటికొచ్చిందే రేటు. రెండూ వారంలో ఒకరోజు నడవవు, ఏ రోజన్నది మారుతుంటుంది, చూసుకుని కొనాలి.

గోదావరి ఎక్స్‌ప్రెస్ సంగతి వేరు. 1974 నుంచి నడుస్తున్న రాత్రి బండి. సాయంత్రం ఎక్కి పడుకుంటే పొద్దున్నే విశాఖ. పన్నెండు గంటలు పైగా పడుతుంది గానీ పగలు ఒక్క గంటా పోదు, హోటల్ రాత్రి ఖర్చూ మిగులుతుంది. రోజు మిగలాలంటే విమానం కన్నా ఇదే నయం. దొరకడమే కష్టం. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు, సంక్రాంతి తేదీలకి నిమిషాల్లో వెయిటింగ్ లిస్టు పడుతుంది. తత్కాల్ ముందురోజు ఏసీకి పదింటికి, మిగతావాటికి పదకొండింటికి. ఇంకో హెచ్చరిక: సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం మూలంగా కొన్ని బళ్లు చర్లపల్లి వైపు మళ్లాయి, జన్మభూమి అయితే సికింద్రాబాద్ రాకుండానే పోతోంది. టికెట్ మీద స్టేషన్ పేరు చదవకుండా ఇల్లు కదలొద్దు. గాజువాక, కూర్మన్నపాలెం వెళ్లేవాళ్లు తమ బండి దువ్వాడలో ఆగితే అక్కడే దిగాలి, విశాఖ దాకా పోయి వెనక్కి రావడం వృథా.

కారులో అయితే పదకొండు పన్నెండు గంటలు. 65వ జాతీయ రహదారి మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు, విజయవాడ దాటాక 16వ రహదారి మీద ఇంకొన్ని. తరచూ తిరిగేవాళ్లకి 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన ఏడాది ఫాస్టాగ్ పాస్ (200 దాటింపులు) గిట్టుబాటు. సంక్రాంతి ముందు రెండు రోజులు పంతంగి దగ్గర నిలిచిపోయేదానికి మాత్రం ఏ పాసూ పనిచేయదు. నలుగురున్న కుటుంబానికి కారు చౌకే, ఇద్దరికైతే కాదు. ఈ దారిలో విమానం ఎన్నటికీ ఇవ్వలేనిది అన్నవరం. రత్నగిరి కింద రహదారి పక్కనే దేవస్థానం కౌంటర్లో ఆకులో కట్టిన ప్రసాదం ఇస్తారు. పొట్లం విప్పితే వేడికి చెమర్చిన ఆకు వాసన, వేళ్లకంటుకునే నెయ్యి, పలుకు తెలిసే గోధుమ రవ్వ. తొమ్మిది గంటలుగా ముఖం ముడుచుకుని కూర్చున్నవాళ్లు కూడా అక్కడ మాట్లాడతారు. ఒక్కొక్కరికి ఒక పొట్లం లెక్కన కాకుండా రెండేసి కొనాలి.

బస కూడా చేరే వేళను బట్టే కుదుర్చుకోవాలి, ఇక్కడ మోసపోయేవాళ్లు బోలెడు మంది. విశాఖలో రెండు పద్ధతులున్నాయి. ఆర్టీసీ కాంప్లెక్స్, డాబా గార్డెన్స్, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీల్లో చాలావాటికి 24 గంటల లెక్క: ఎప్పుడు దిగితే మర్నాడు అదే వేళకి ఖాళీ చేయాలి. బీచ్ రోడ్డు, రుషికొండ హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండు లెక్క. రాత్రి పదకొండున్నర వందే భారత్‌లో దిగి పన్నెండు లెక్క హోటల్‌కి పోతే పూర్తి రోజు అద్దెకి పన్నెండు గంటల గది. పొద్దున ఆరింటి రైలు దిగితే ఇంకా అన్యాయం, ముందు రోజుది కూడా కట్టమంటారు. బుకింగ్ యాప్‌లో ఏ లెక్కో స్పష్టంగా ఉండదు. ఫోన్ చేసి ‘పొద్దున ఆరింటికి వస్తే ఎప్పటిదాకా?’ అని అడిగి, జవాబు మెసేజ్‌లో పెట్టించుకోవాలి. పన్ను కూడా చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 లోపు గదులకి జీఎస్టీ 5 శాతమే; బిల్లులో పాత 12 కనపడితే అక్కడే కొట్టేయించాలి. కొన్ని గంటలు నడుం వాల్చి స్నానం చేస్తే చాలనుకునేవాళ్లకి స్టేషన్‌లోని రిటైరింగ్ రూమ్ పీఎన్ఆర్ మీద ముందే దొరుకుతుంది, దాన్ని మించిన బేరం లేదు. సముద్రం కనపడే గదికి పెట్టే అదనపు డబ్బు రెండు రాత్రులుంటేనే దక్కుతుంది. పెళ్లికొచ్చి పొద్దంతా కల్యాణ మండపంలో గడిపేవాళ్లకి తెర వేసిన కిటికీయే మిగులుతుంది.

అరకు కూడా కలుపుకోవాలనుకుంటే కిరండూల్ పాసింజర్ విశాఖలో ఉదయం ఏడింటి లోపే బయల్దేరుతుంది. ఏ విమానమూ దానికి అందదు, రాత్రి రైలు అరగంట లేటైనా పోయినట్టే. ముందురోజు రాత్రికి విశాఖలో ఉండాలి. అప్పుడు మధ్యాహ్నం వందే భారత్, స్టేషన్ దగ్గర 24 గంటల లాడ్జి చక్కగా అతుకుతాయి.

ఈ లెక్కలన్నీ ఐఎన్ఎస్ డేగా రన్‌వే ఉన్నంతవరకే. పౌర విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారితే టికెట్ మీద గంటా పావు అలాగే ఉంటుంది గానీ, నగరం నుంచి విమానాశ్రయం 45 కి.మీ. చుట్టుపక్కలకి జరుగుతుంది. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి పండగే. మధురవాడ, రుషికొండ వాళ్లకి పెద్ద తేడా ఉండదు. గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపువాళ్లు మాత్రం ఊరంతా దాటి రావాలి కాబట్టి గడప నుంచి గడపకి ఆరు గంటలు వేసుకోవాలి. వాళ్లకి దువ్వాడలో ఆగే రాత్రి బండిలో బెర్త్ దొరికితే విమానం ధర చూడాల్సిన పని కూడా లేదు.